బాలలక్ష్మి చేతి మాత్రలు

బాలలక్ష్మి గెలిచిన మొదటి గెలుపు నర్సు పరీక్ష. 1956లో, కరీంనగర్‌లో, అదీ రెండోసారి కూర్చుని గెలిచింది. సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఆమెకు ముందు ఆ పరీక్ష గెలిచిన కాపు బిడ్డ ఒక్కతీ లేదు. ఈ మాట ఎవరి ముందైనా గట్టిగా చెప్పవచ్చు. మొదటిసారి తప్పిందంటే తెలివి చాలక కాదు. ఆమె చదువు ఉర్దూ బడిలో మొదలైంది. రాజ్యం మారాక అదే గదిలో, అదే చాప మీద తెలుగులోకి మారింది. తీరా నర్సు బడికి పోయేసరికి ఎముకల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తప్పి ఇంటికొచ్చిన ఏడాది పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో నిలువెత్తు ఎముకల గూడు గీసుకుంది. పాలు పిండుతూ ఒక్కొక్క ఎముక పేరు పైకి చదివేది.

"కొట్టంల పీనుగను గీసినవేందే! బర్రె బెదిరి పాలు ఎగబట్టింది," అని తల్లి కిష్టవ్వ నెత్తి కొట్టుకుంది.

"అది పీనుగ కాదే, బిడ్డ నౌకరి. దాని మీద సున్నం ఎయ్యకు," అన్నాడు తండ్రి హనుమండ్లు.

ఊళ్లో నోళ్లు ఊరుకోలేదు. "మందిని ముట్టుకునే పిల్లను ఎవడు చేసుకుంటడు హనుమండ్లూ?" అని ఒకాయన నలుగురిలో అడిగాడు. "నా బిడ్డ చెయ్యి పట్టి నాడి చూస్తది. నీ లెక్క పెండ్లాం జుట్టు పట్టి గుంజది," అని హనుమండ్లు ఆ నలుగురిలోనే జవాబిచ్చాడు. ఆ తర్వాత ఆయన ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పరీక్ష గెలిచాక ఆమె చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. మొదటి కొలువు భైంసాలో. అక్కడి పత్తి కూలీల్లో సగం మంది మరాఠీ మాట్లాడేవాళ్లు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అని ఆ భాషలో అడగడం ఏడాది తిరగకముందే నేర్చుకుంది. గోదావరి ఒడ్డు జాతరలో గత్తర, అదే కలరా, లేచినప్పుడు, మొగవాళ్లే ముక్కు మూసుకుని పారిపోతుంటే, తడికల పందిట్లో నిలబడి జనానికి సెలైన్ సీసాలు ఎక్కించింది. వాగు పొంగి ఆగిపోయిన ఎడ్లబండిలో కాన్పు చేసి తల్లినీ పిల్లనూ బతికించింది. ఆ పిల్లకు ఆమె పేరే పెట్టుకున్నారు. రోగిని మూడు భాషల్లో ప్రశ్న అడగగల నర్సు జిల్లాలో ఇంకొకరు లేరని డాక్టర్లే అనేవాళ్లు. అడగడంలో అంత గట్టిది. జవాబు కోసం ఆగడం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. పని ఒత్తిడిలో తనకూ తోచలేదు.

ఆ తర్వాత చెన్నూరు దిక్కున ఒక తాలూకా దవాఖానకు మార్చారు. ఆ దవాఖానకు వెనుక వైపు, మిగతా రోగులకు దూరంగా, క్షయ రోగుల కోసం పెంకుల షెడ్డు ఉండేది. మందుల బీరువా తాళంచెవి, షెడ్డు బాధ్యత రెండూ బాలలక్ష్మివే. అంత నమ్మకంగా తాళంచెవి అప్పగించిన చోటే, 1963 ఎండాకాలంలో, ఆమె మీద దొంగతనం అనుమానం పడింది.

దవాఖాన ఊడ్చే కొమురవ్వకు ఒక పొద్దున, రోగుల చుట్టాలు వండుకునే పాకలో, పొయ్యిరాళ్ల పక్కన తెల్లటి మాత్ర దొరికింది. క్షయకు ఇచ్చే మాత్ర. కొమురవ్వ రోజూ బాలలక్ష్మి చేతి చాయ తాగే మనిషి. అయినా మాత్రను ఆమెకు ఇవ్వలేదు. కొంగున ముడేసుకుని నేరుగా కాంపౌండరు లింగమూర్తి దగ్గరికి తీసుకుపోయింది. లింగమూర్తి దాన్ని కాగితంలో పెట్టి డాక్టరు దామోదర్‌రావు బల్ల మీద ఉంచాడు.

డాక్టరు బాలలక్ష్మిని పిలిపించాడు. ఆయన పెద్ద భూములున్న ఇంటి మనిషి, మాట కరుకు, కానీ అన్యాయం చేసే రకం కాదు.

"గీ మాత్ర బీరువాల ఉండాలె, లేకుంటే రోగి కడుపుల ఉండాలె. పొయ్యికాడ ఎందుకున్నది?"

"నాకు తెల్వదు సార్..."

"తాళంచెవి ఎవలకన్న ఇచ్చినవా?"

"లేదు సార్. ఒక్కటి చెప్త..."

"బీరువా తీసిపెట్టి పోయినవా? మాత్ర చేతిల పోసి పోతవా, మింగేదాక నిలవడతవా?"

"నిలవడత సార్."

లింగమూర్తి గోడకు ఆనుకుని నిలబడి మెల్లగా అన్నాడు. "సంతల తెల్లమాత్రలు అమ్ముతున్నరని వినవడ్డది సార్. దగ్గుకు మస్తు పనిచేస్తయంట."

"అమ్మేదెవలు?"

"పేరు తెల్వది సార్. తాళంచెవి ఎవల నడుముకు ఉంటదో అది తెల్సు."

డాక్టరు లింగమూర్తి వైపు కూడా ఒక చూపు చూశాడు. ఆ చూపులో నమ్మకమేమీ లేదు. తర్వాత బాలలక్ష్మితో అన్నాడు. "మే ఒకటిన జిల్లా నుంచి పెద్ద డాక్టరు వస్తడు. మందు లెక్క అడుగుతడు. నేను ఎవలదో ఒకలది పేరు చెప్పాలె. నీ పేరు చెప్పబుద్ధి అయితలేదు. పోయి ఏం జరిగిందో తెలుసుకొని రా."

బయటికి వచ్చి ఆమె షెడ్డు వైపు నడిచింది. కొలువు పోతే పోయింది. దొంగ నర్సు అన్న పేరు సుల్తానాబాద్ దాకా పోతే, ఇన్నేళ్లు తల ఎత్తుకు తిరిగిన హనుమండ్లు ఏ మొఖంతో బయటికి వస్తాడు? అంతకన్నా ఇంకొక సంగతి లోపల గుచ్చుకుంది. డాక్టరు ముందు తన నోటి నుంచి వచ్చిన మాటలు "లేదు సార్, తెల్వదు సార్". షెడ్డులో రోగులు రోజూ తనకు చెప్పే మాటలు కూడా అవే కదా. చెప్పవలసింది గొంతులో ఉండగానే తరువాతి ప్రశ్న మీద పడితే మనిషి నోట అంతకన్నా ఏం వస్తుంది?

కానీ ఆ ఎరుక అప్పటికప్పుడు పనికి రాలేదు. భయం ముందు నడిచింది. ఆ రోజు నుంచి ఆమెకు అందరూ దొంగలుగానే కనిపించారు. లింగమూర్తి జేబు ఉబ్బెత్తుగా ఉంటే అనుమానం. కొమురవ్వ చీపురు పట్టుకుని కిటికీ దగ్గర ఆగితే అనుమానం. అటు రోగులకూ ఆమె మీద అనుమానమే. నర్సు సూదితో తీసిన రక్తం పట్నం పోతుందని షెడ్డులో ఎప్పటి నుంచో గుసగుస ఉంది. ఇప్పుడు ఆమె అడుగు చప్పుడు వినబడితే చాలు, మాటలు ఆగిపోతున్నాయి.

అనుమానం చివరికి రాయమల్లు మంచం దగ్గర ఆగింది. వాగవతల నీలగుంట అనే పల్లె నుంచి వచ్చిన పడుచు రైతు. మిగతావాళ్లు మెల్లగా కండ పడుతుంటే ఇతని బరువు తూకంలో లేవడం లేదు. మాత్ర చేతిలో పెడితే ప్రసాదం తీసుకున్నట్టు కళ్లకద్దుకుని, అటు తిరిగి నీళ్లు తాగేవాడు. మంచి భక్తి అనుకుని ఆమె ఇన్నాళ్లు ముందుకు సాగిపోయింది.

"రాయమల్లన్నా, నోరు తెరువు," అంది అందరి ముందు.

"మింగిన నర్సమ్మా."

"తెరువు. నాలుక ఎత్తు. దవడ చూపియ్యి."

అతను తెరిచాడు. నోట్లో ఏమీ లేదు. పక్క మంచం మీది ముసలాయన నవ్వాడు. రాయమల్లు మొహం కందిపోయింది. "ఎడ్లసంతల పండ్లు చూసినట్టు చూస్తివి గదమ్మా. తోక గూడ ఎత్తి చూడకపోయినవ్," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పగటిపూట సద్ది తెచ్చిన భార్య లస్మవ్వకు ఆ సంగతి తెలిసింది. ఆమె బాలలక్ష్మికి వినబడేలాగే అంది. "మనం దొంగలమైతే మన ఇంట్లనే సద్దాం. లే, పోదాం. గీడ పానం బాగుగాదు, ఇజ్జత్ దక్కది."

వాళ్లు పోతే రెండు నష్టాలు. మాత్ర ఎక్కడికి పోయిందో ఎన్నటికీ తెలియదు. రాయమల్లు బతకడు. ఆ భయమే బాలలక్ష్మిని ఆపింది. ఆ పగలు ఆమె ఇంకొక ప్రశ్న అడగలేదు. తన గిన్నె తెచ్చుకుని రాయమల్లు మంచం పక్కన నేల మీద కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది.

లస్మవ్వ చేతిలో ముద్ద ఆగింది. "గిక్కడెందుకు కూసున్నవ్?"

"కాళ్లు గుంజుతున్నయ్ వదినె. పొద్దటి నుంచి నిలవడే ఉన్న."

"నీకు కుర్చీ లేదా?"

"ఉన్నది. కుర్చీల కూసుంటే సారు చూపు నా మీదనే ఉంటది."

లస్మవ్వ నమ్మలేదు. మరునాడు కూడా బాలలక్ష్మి అక్కడే కూర్చుంది. నాలుక మీదికి వచ్చిన ప్రశ్నలు మింగడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసిన తర్వాతే కొన్ని మాటలు చెవిన పడ్డాయి. అవి ఇన్నాళ్లూ ఆమె ముందే పలికిన మాటలు. రాయమల్లు గిన్నె మూత తీయగానే ముద్ద కలపడు. ముందు భార్యను అడుగుతాడు. "అన్న తిన్నడా?" ఆమె తిన్నాడని చెప్పాకే చెయ్యి గిన్నెలో పెడతాడు.

"ఎండకాలం తాబి వరి కోతకొచ్చిందా వదినె?" అంది బాలలక్ష్మి. అది ప్రశ్నే. కానీ దవాఖాన ప్రశ్న కాదు.

లస్మవ్వ మొహం కొంచెం వదులైంది. "కింది మళ్లకు ఇంకొక్క తడి గావాలె. చెరువుల నీళ్లు అడుగంటినయ్. తూముకాడ రోజూ కొట్లాటనే. మా బావ నీళ్లు పంచే నీరటి గదా, ఇటోడు తిడ్తడు, అటోడు తిడ్తడు. ఎండల నిలవడి నిలవడి, దగ్గు జర..."

ఆమె నోరు మూసుకుంది. రాయమల్లు ఆమె వైపు ఉరిమి చూశాడు.

బాలలక్ష్మి ఇంకెప్పుడైనా అయితే ఆ మాట మీద గద్దలా వాలేది. ఎన్నాళ్ల నుంచి దగ్గు, రక్తం పడుతుందా, జ్వరం వస్తుందా అని. ఇప్పుడు గిన్నెలో మజ్జిగ పోసుకుంది. కలిపింది. ఒక ముద్ద తిన్నది. షెడ్డు పెంకుల మీద కాకి కాలు గీరుతున్న చప్పుడు కూడా వినబడింది. ఆ నిశ్శబ్దం ఆమెకన్నా రాయమల్లుకే ఎక్కువ భారమైంది.

"నర్సమ్మా, నిన్ను దొంగ అంటున్నరట గదా," అన్నాడు.

"ఆ."

"నా పాపమే తాకింది నీకు." అతను తలకు చుట్టిన రుమాలు విప్పాడు. మడతలో ఆ పగలు ఇచ్చిన మాత్ర ఉంది. "పొద్దటిది నేను మింగుత. పగటిది అన్నకు పోతది. లస్మి గిన్నెల పెట్టి పంపుత. ఓనాడు పొయ్యికాడ గిన్నె తోముతుంటె జారినట్టున్నది."

బాలలక్ష్మికి కోపం వచ్చింది. ఎంత ఆపుకున్నా మాట జారింది. "నా మందు మీద నీకు నమ్మకం లేకపాయెనా?"

"నమ్మకం లేకుంటే పెంటల పారేద్దును గదమ్మా! నమ్మిన గనుకనే అన్నకు పంపిన." అతను మాత్ర వైపే చూస్తూ అన్నాడు. "మా బాపు పోయిన్నాడు నాకు నడక రాలే. భూమన్న భుజం మీద పెరిగిన. కొత్త వడ్లు దంచినా, మక్కకంకి కాల్చినా మా ఇంట్ల ముందుగాల అన్న నోట్లె పడాలె. నాకంటె ముందు నుంచి దగ్గుతుండు. అన్నకు లేని బువ్వ నా గొంతు దిగది. మందు ఎట్ల దిగుతది?"

"మరి ఆయన్ను గూడ తోల్కరాకపోయినవా?"

"తూము ఇడిచిపెట్టి వస్తడా? క్షయ అని ఊర్ల తెలిస్తే తెల్లారే ఇంకోణ్ణి నీరటిగ పెడ్తరు. తాతల నాటి పని. అందుకే తేలే."

అనుమానం పడ్డప్పటి నుంచీ, మందంటే భయపడి దాస్తున్నాడని ఆమె అనుకుంది. అమ్ముకుంటున్నాడని కూడా అనుకుంది. మందు మీద ఇంత నమ్మకం ఉండబట్టే పంచుకుంటారన్నది ఆమెకు నర్సు బడిలో ఎవరూ చెప్పలేదు. కాపు ఇంట్లో పుట్టిన తనకైనా తట్టి ఉండాల్సింది. ఇంటికి వచ్చిన మంచి వస్తువు ఏదైనా పెద్దవాడి ముందు పెట్టకుండా ఎవరు తింటారు?

"అన్నా, ఒక్క మడికి సాలే నీళ్లు రెండు మళ్లకు ఇడిస్తే ఏమైతది?" అంది మెల్లగా.

"రెండూ ఎండుతయ్."

అన్నాక అతనే ఆగిపోయాడు. లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సగం మందుకు రోగం చావదని, మొండికెత్తి ఇద్దరినీ పట్టుకుంటుందని బాలలక్ష్మి చెప్పింది. ఇప్పుడు ఆమె చెప్పింది లోపలికి పోతున్నట్టు అతని మొహంలో కనబడింది. ఇన్నాళ్లు చెప్పింది పోలేదని కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది.

"నీ మాత్రలు నువ్వే మింగాలె. భూమన్న మందు ఆయనకు నేనిస్త."

"అన్న పేరు బయటికి రావద్దు నర్సమ్మా. డాక్టరుకు గూడ చెప్పద్దు. లస్మి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు తిను."

లస్మవ్వ తల వంచింది. కానీ కళ్లు పైకెత్తి ఆమెనే చూస్తున్నాయి. ఆ చూపులో అనుమానం కరగలేదు. బాలలక్ష్మి చెయ్యి పెట్టింది. తీసిన తర్వాత తెలిసింది, తన మెడకు తానే తాడు వేసుకుందని. మాత్ర ఎటు పోయిందో ఇప్పుడు ఆమెకు తెలుసు. చెబితే తన మీది నింద పోతుంది, కానీ రోగికిచ్చిన మాట పోతుంది, ఒక మనిషి బతుకుతెరువు పోతుంది. చెప్పకపోతే మే ఒకటిన దొంగ అవుతుంది.

సాయంత్రం కాకముందే డాక్టరు గదికి పోయింది. లింగమూర్తి అక్కడే ఉన్నాడు.

"సార్, మాత్రలు అమ్ముడు పోలే. ఎటు పోయినయో తెలిసింది. పేరు చెప్పలేను. ఒట్టు తిన్న."

"మాత్రలకు కాళ్లొచ్చి నడిచిపోయినయా?" అన్నాడు లింగమూర్తి.

"నువ్వు ఆగు," అన్నాడు డాక్టరు. ఈసారి ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని, ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు. ఆమెకు చెప్పడానికి చోటు దొరికింది.

"మన దగ్గర పేరు లేని రోగి ఒకలున్నరు సార్. ఊర్లె ఉన్నరు. ఆ మనిషి ఒప్పుకుంటే పేరు చెప్త, మనిషినే తోల్కొస్త. ఒప్పుకోకుంటే నా పేరే రాసుకోండ్రి. నాకు సెలవు గావాలె. మందు గావాలె. కఫం పట్టే సీసా గావాలె."

"అనుమానమున్న మనిషికి ఇంకింత మందు ఇమ్మంటవ్."

"ఆ సార్."

లింగమూర్తి నవ్వబోయి మానుకున్నాడు. డాక్టరు కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. రాయమల్లు తూకం ఆయనకూ తెలుసు. ఏదో ఊహించినట్టే ఉన్నాడు, కానీ అడగలేదు. "కఫానికి పేరు అక్కెర లేదు. సీసా తీస్కపో. మందు కొద్దిగ ఇస్త, కొద్దిగనే. తాళంచెవి మాత్రం బల్ల మీద పెట్టిపో."

ఆమె నడుము నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. అది పెట్టిన చప్పుడుకు లింగమూర్తి కళ్లు మెరిశాయి. డాక్టరు దాన్ని లింగమూర్తికి కూడా ఇవ్వలేదు. సొరుగులో వేసుకున్నాడు.

"నేను నమ్మిన్నని అనుకోకు," అన్నాడు ఆమెతో. "పెద్ద డాక్టరు వచ్చే ముందటి రోజు ఇక్కడుండాలె. మనిషితోనన్న, ఒట్టిగనన్న."

మరునాడు పగటి మాత్ర రాయమల్లు ఆమె అడగకుండానే నోట్లో వేసుకుని, నాలుక మీద చూపించి మరీ మింగాడు. లస్మవ్వ ఖాళీ గిన్నె నెత్తిన పెట్టుకుని వాగు వైపు ముందు నడిచింది. వెనక సంచీ పట్టుకుని బాలలక్ష్మి.

"ఊర్ల అడిగితే నిన్ను ఎవలని చెప్పాలె?" లస్మవ్వ వెనక్కి చూడకుండానే అడిగింది.

"చుట్టమని చెప్పు."

"మాకు గింత ఎండల నడిచొచ్చే చుట్టాలెవలున్నరు? బావ నిన్ను చూడంగనే తూము కాడికి ఉరుకుతడు. నువ్వు ఆయన్ని సర్కారుకు పట్టియ్యనొచ్చినవని అంటడు."

"అననియ్యి వదినె. అన్నంతసేపు వింట."

లస్మవ్వ అప్పుడు ఆగి, ఆమెను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, మళ్లీ నడిచింది. సరే అనలేదు, వద్దనలేదు.

దవాఖాన వరండాలో నర్సుల పని రాసే నల్లబల్ల ఉంది. ఆ పొద్దు డాక్టరు చెబితే లింగమూర్తి సుద్దముక్కతో రాశాడు. కొమురవ్వ చీపురు ఆపి, అందులో ఏమున్నదని అడిగింది. లింగమూర్తి చదివి వినిపించాడు. నర్సు బాలలక్ష్మి సెలవు మీద పోయింది. తిరిగి రావలసిన దినం 1963 ఏప్రిల్ 30, మంగళవారం.